జంతువుకు తగ్గ అంబు, హోదాకు తగ్గ తుపాకీ

మూడేళ్ల కిందట మా బడిలో అయిదో తరగతికి పులి పాఠం చెబుతున్నాం. విచ్చలవిడి వేట వల్ల దేశంలో పులులు తగ్గిపోయాయని చెప్పాం. వెనక వరుసలో కూర్చున్న ఒక పిల్లవాడు లేచి, "సారూ, ఆ వేటాడింది మన తాతలేనా?" అని అడిగాడు. మిగతా పిల్లలు నవ్వలేదు. అందరూ మా ముఖం వైపే చూశారు. వాళ్ల ఇళ్లలో విల్లంబులు ఉన్నాయి. విజ్జ పండుం వస్తే పెద్దలు అడవికి పోయేవారని వాళ్లకు తెలుసు. ఫారెస్టు వాళ్ల జీపు చప్పుడు వినిపిస్తే ఆ విల్లంబులు లోపల దాచడం కూడా వాళ్లు చూశారు.

ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. "కొంత మనవాళ్లు, కొంత దొరలు" అని దాటవేశాం. ఇంటికి వచ్చాక అది జవాబు కాదని తెలిసింది. ఎవరు కొట్టారు, దేన్ని కొట్టారు, దేనితో కొట్టారు, ఎందుకు కొట్టారు అని విడదీసి చెప్పకపోతే అది చరిత్ర అనిపించుకోదు. అప్పటినుంచి పెద్దలను అడిగి, దొరికిన పుస్తకాలు చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. మేము పట్టుకున్న దారి ఒక్కటే. పనిముట్టును చూస్తే పని తెలుస్తుంది. ఆయుధాన్ని చూస్తే వేట ఎందుకు చేశారో తెలుస్తుంది.

దూలానికి వేలాడిన అంబుల కట్ట

మా తాత పోయిన తర్వాత కూడా ఆయన అంబుల కట్ట చాలా ఏళ్లు ఇంటి దూలానికి వేలాడుతూనే ఉంది. చిన్నప్పుడు మాకు అంబులన్నీ ఒకటే అనిపించేవి. ఒక వానాకాలం రాత్రి మా పెదనాన్న ఆ కట్ట విప్పి ఒక్కొక్కటీ నేల మీద పరిచి చూపించాడు.

మొదటిది మొద్దు అంబు. దానికి ఇనుము లేదు. కొన గుండ్రంగా, బొటనవేలంత లావుగా ఉంది. అది అడవి కోడికి, కౌజుకు, ఉడుతకు. ఎందుకు మొద్దుగా ఉండాలి? పదును ములికి తగిలితే చిన్న పిట్ట చీలిపోతుంది, తినడానికి ఏమీ మిగలదు. గురి తప్పితే పదును అంబు కొమ్మలో దిగబడి అక్కడే ఉండిపోతుంది. మొద్దు అంబు పిట్టను కొట్టి పడేస్తుంది, తాను కూడా కింద పడుతుంది. అంబు దక్కుతుంది, కూర దక్కుతుంది.

రెండోది సన్నటి ఇనుప ములికి. కుందేలుకు, ఉడుముకు. మూడోది ఆకులాగా వెడల్పుగా ఉన్న ములికి. దుప్పికి, కణుజుకు, అడవి పందికి. పెద్ద జంతువు ఒక్క అంబుకు అక్కడే పడిపోదు. పరుగెత్తుతుంది. సన్నటి ములికి చేసిన గాయం మూసుకుపోతుంది, నెత్తురు కారదు, జాడ దొరకదు. వెడల్పు ములికి చేసిన గాయం నెత్తురు విడుస్తుంది. ఆ నెత్తురు చుక్కలు చూసుకుంటూ జాడ తీసేవాళ్లు వెనకాల పోవాలి. "అంబు తగిలిన జంతువును అడవిలో వదిలేసి ఇంటికి వచ్చినవాడికి ఆ రోజు అన్నం పెట్టేవాళ్లు కాదు" అని పెదనాన్న చెప్పాడు. నిజంగానే పెట్టేవాళ్లు కాదో, మమ్మల్ని భయపెట్టడానికి అన్నాడో తెలియదు గానీ ఆ మాట మాకు బాగా గుర్తుండిపోయింది.

కట్ట మొత్తం చూశాక మేము అడిగాం, "పెదనాన్నా, పులికి ఏ అంబు?" ఆయన మా వైపు విచిత్రంగా చూసి, "పులిని తింటామా?" అన్నాడు.

ఆ మాటే ఈ వ్యాసానికి మూలం. మా తాత కట్టలో పులి అంబు లేదు, ఎందుకంటే పులితో ఆయనకు పని లేదు. అడవిలో ఉన్నంతసేపు ఆయన దాని పేరు కూడా పలికేవాడు కాదట. ఎలుగు మీద పడితే గొడ్డలి ఉంది. అది ప్రాణం కాపాడుకోవడానికి. కొట్టిన దుప్పిని ఊళ్లో వాటాలు వేసేవారు. కొట్టినవాడికి ఒక వాటా, జాడ తీసినవాడికి ఒక వాటా, వేటకు పోయే మగవాడు లేని ఇంటికి కూడా ఒక వాటా. వేట ఎంత పెద్దదో వాళ్లు వాటాల్లోనే లెక్కపెట్టేవారు.

ఇది మా కోయ ఇంటి సంగతి. నల్లమల చెంచులకు, పాపికొండల కొండరెడ్లకు, ఆదిలాబాద్ గోండు, కోలాం అన్నలకు వాళ్ల వాళ్ల పద్ధతులు, వాళ్ల వాళ్ల పేర్లు ఉన్నాయి. పాడేరు వైపు ఇటుకల పండగకు వేటకు పోయి వట్టి చేతులతో వచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు. అంబు రూపం మారవచ్చు. కానీ ఏ జంతువుకు ఏ ములికి అని ఎంచుకునే తెలివి అందరి దగ్గరా ఉంది.

మనవాళ్లు తప్పే చేయలేదని రాయడం లేదు. ఉచ్చులు పెట్టారు, గోతులు తవ్వారు. దొరల కాలంలో పులిని చంపినవాడికి సర్కారు డబ్బు ఇస్తానంటే దానికోసం పులిని చంపినవాళ్లు కూడా ఉన్నారు. అది కూడా చరిత్రే.

దొరల తుపాకీ లెక్క

ఇక దొరల వైపు చూద్దాం. వాళ్లకు కూడా జంతువు సైజును బట్టి ఆయుధం ఎంచుకునే తెలివి ఉంది. దాన్ని ఒక శాస్త్రంలాగా పెంచారు. ఇంగ్లాండు నుంచి వచ్చే వేటగాడు ఒక్క తుపాకీతో వచ్చేవాడు కాదు, తుపాకుల పెట్టెతో వచ్చేవాడు.

పాత తుపాకుల సైజును "బోర్" అనే లెక్కతో చెప్పేవారు. ఇది గణితం టీచర్లకు పనికొచ్చే లెక్క. ఒక పౌను సీసం, అంటే సుమారు 454 గ్రాములు తీసుకుని 12 సమానమైన గుండ్లు చేస్తే, ఆ గుండు పట్టే గొట్టం 12 బోర్. ఒక్కో గుండు దాదాపు 38 గ్రాములు. అదే సీసంతో 8 గుండ్లు చేస్తే 8 బోర్, గుండు 57 గ్రాములు. నాలుగే చేస్తే 4 బోర్, గుండు 113 గ్రాములు. అంకె చిన్నదయ్యే కొద్దీ గుండు పెద్దదవుతుంది. ఏనుగుకు, అడవి దున్నకు 4 బోర్, 8 బోర్ తుపాకులు వాడేవారు. సిలోన్‌లో ఏనుగులను వేటాడిన శామ్యూల్ బేకర్ దగ్గర అర పౌను గుండు పేల్చే తుపాకీ ఉండేది. దానికి ఆయన "బేబీ" అని ముద్దుపేరు పెట్టుకున్నాడు.

పిట్టలకు, కుందేళ్లకు 12 బోర్ తుపాకీలోనే ఒక్క గుండుకు బదులు సీసపు రవ్వలు నింపిన తూటా. రవ్వల నంబరు కూడా తలకిందుల లెక్కే. 6 నంబరు రవ్వలు చిన్నవి, కౌజుకు, అడవి కోడికి సరిపోతాయి. 4 నంబరు కొంచెం పెద్దవి, కుందేలుకు, నెమలికి. ఎల్‌జీ, ఎస్‌జీ అనే లావు రవ్వలు దగ్గరి నుంచి కొట్టే పెద్ద జంతువులకు. మా తాత మొద్దు అంబు చేసే పనిని అక్కడ చిన్న రవ్వలు చేశాయి. మాంసం పాడు కాకూడదు, పిట్ట పడాలి. ఆలోచన ఒకటే.

తర్వాత గొట్టం లోపల మెలి గాడులు ఉన్న రైఫిళ్లు వచ్చాయి. వీటి సైజును అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. .577 అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 577 భాగాలు, సుమారు 14.7 మిల్లీమీటర్లు. .450 అంటే 11.4 మిల్లీమీటర్లు. .275 అంటే 7 మిల్లీమీటర్లు. గుండు తేలిక, మందు ఎక్కువగా ఉండి వేగంగా పోయే రైఫిల్‌కు లండన్ తయారీదారు జేమ్స్ పర్డీ 1856లో ఎక్స్‌ప్రెస్ రైలు పేరు పెట్టాడు. అప్పటినుంచి "ఎక్స్‌ప్రెస్ రైఫిల్" అనే మాట నిలిచింది. కానీ నల్లమందుతో ఒక చిక్కు ఉండేది. పేల్చగానే పొగ కమ్మేసి, జంతువు పడిందో మీదికి వస్తోందో కనిపించేది కాదు. పొగ రాని కార్డైట్ మందు వచ్చాక ఆ చిక్కు తీరింది. 1898లో జాన్ రిగ్బీ కంపెనీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చింది. 1912లో హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు .375 మాగ్నమ్ తెచ్చారు. దుప్పికి, ఇర్రికి .275 లాంటి సన్నటి రైఫిల్. కణుజుకు, మనుబోతుకు, ఎలుగుకు మధ్యరకం. పులికి, అడవి దున్నకు.450, .500, .577 లాంటి లావు రైఫిల్. ఇలా మెట్లు మెట్లుగా ఎంచుకునేవారు.

తూటా ముక్కులో కూడా తేడా ఉంది. మెత్తటి సీసం ముక్కు ఉన్న తూటా లోపలికి పోయాక పుట్టగొడుగులాగా విచ్చుకుంటుంది. పలచటి చర్మం ఉన్న దుప్పికి, పులికి అది. పూర్తిగా గట్టి లోహం తొడిగిన తూటా విచ్చుకోకుండా ఎముక దాటి లోపలికి పోతుంది. ఏనుగుకు, అడవి దున్నకు అది. విచ్చుకునే తూటాలను కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధాల కర్మాగారంలో సైన్యం కోసం కూడా తయారుచేశారు. 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో అలాంటి తూటా వాడకూడదని ప్రకటించింది. జంతువు మీద వాడటానికి మాత్రం అడ్డు లేకపోయింది.

ఇంతవరకు రెండు వైపులా తెలివి ఒకటే. తేడా పై మెట్టు దగ్గర ఉంది. మా తాత నిచ్చెనలో పై మెట్టు కణుజు, పంది. పదిమందికి మాంసం పెట్టే జంతువు. దొర నిచ్చెనలో పై మెట్టు పులి, ఏనుగు. తినడానికి కాదు, గోడకు తగిలించడానికి. రోలండ్ వార్డ్ అనే ఆయన 1892 నుంచి పెద్ద జంతువుల రికార్డుల పుస్తకాలు అచ్చువేశాడు. ఎవరు కొట్టిన జంతువు కొమ్ములు ఎన్ని అంగుళాలు అని అందులో లెక్కలు. మనం వాటాల్లో కొలిచినదాన్ని వాళ్లు అంగుళాల్లో కొలిచారు.

మన తెలంగాణ అడవులు కూడా ఆ వేట చూశాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పెద్ద పులివేటగాడు. లార్డ్ కర్జన్ వైస్రాయ్‌గా నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు పులివేట మర్యాదల్లో భాగం. అప్పటి వేట ఫోటోలను నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీశాడు. అలాంటి ఫోటోల్లో ముందు పులి, పక్కన దొర, చేతిలో రైఫిల్. మంచె కట్టినవాడు, జాడ చెప్పినవాడు, డప్పు కొట్టి పులిని దొర ముందుకు తరిమినవాడు ఫోటో అంచున ఉంటారు, లేదా అసలు ఉండరు. పులి ఎక్కడ నీళ్లు తాగుతుందో తెలిసిన తెలివి మనది. ఫోటో కింద పేరు వాళ్లది.

చట్టం ఆయుధాన్ని ఎలా పంచింది

1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా ఆయుధం ఉండకూడదన్నారు. యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చారు. ఆ చట్టం "ఆయుధం" అనే మాటకు ఇచ్చిన అర్థంలో తుపాకులు, కత్తులు, బల్లేలతో పాటు విల్లంబులు కూడా ఉన్నాయి. మా తాత కట్టలోని మొద్దు అంబును, దొర .577 రైఫిల్‌ను ఒకే మాట కింద రాసి, దొరను మాత్రం పక్కకు తప్పించారు.

నాలుగేళ్లకు 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. భద్రాచలం వైపు గోదావరి ఒడ్డు అప్పుడు మద్రాసుది, అవతలి ఒడ్డు నిజాంది. రిజర్వు చేసిన అడవిలో వేటాడటం, ఉచ్చు పెట్టడం, నీళ్లలో మందు కలిపి చేపలు పట్టడం నేరాల జాబితాలో చేరాయి. పర్మిట్ ఉన్న దొర కొడితే అది ఆట. పర్మిట్ లేని కోయవాడు కొడితే అది దొంగతనం. అదే దుప్పి, అదే అడవి.

ఇంకో సంగతి. కర్ణాటకలోని కొడగు ప్రజలకు ఆ కాలంలోనే ఆయుధాల లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చారు. అది ఈనాటికీ ఉంది. తుపాకీ వాళ్ల పండగలో, ఇంటి ఆచారంలో భాగమని సర్కారు ఒప్పుకుంది. మంచిదే. మరి పండగకు అంబు పట్టే మన ఆచారాన్ని ఎవరూ అలా ఒప్పుకోలేదు. సర్కారుతో స్నేహంగా ఉన్నవాడి ఆయుధం ఆచారం అయింది. తిరగబడినవాడి ఆయుధం నేరం అయింది.

దొరల వేట తూటాలను కూడా ఈ భయం వదల్లేదు. .450 తూటా వేటకు చాలా పేరు పొందింది. కానీ సైన్యం వాడిన పాత మార్టిని-హెన్రీ రైఫిల్ గుండు సైజు కూడా అదే. ఆ రైఫిళ్లు తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్నాయి. వేట తూటాలు వాళ్ల చేతికి చేరితే ఎలా అని 1907 ప్రాంతంలో .450 సైజు రైఫిళ్లను, తూటాలను ఇండియాకు, సూడాన్‌కు తేకుండా ఆపేశారు. అప్పుడు లండన్ తయారీదారులు .465, .470 అంటూ వేరే అంకెలతో కొత్త తూటాలు తయారుచేశారు. పులికి ఏ తూటా అనే ప్రశ్నకు జవాబును చివరికి పులి తోలు మందం ఒక్కటే నిర్ణయించలేదు. ప్రజల మీద సర్కారుకున్న భయం కూడా నిర్ణయించింది. సైన్యం వాడిన .303 ఈనాటికీ మామూలు మనిషికి నిషేధించిన సైజు. అందుకే ఇషాపూర్ సర్కారు కర్మాగారం మామూలు లైసెన్సుదారుల కోసం .315 రైఫిల్ తయారుచేసింది.

మన్యంలో తూటా విలువ

ఆయుధాల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, రంప తిరుగుబాటు మొదలైంది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దౌర్జన్యం, పోలీసుల వేధింపు దానికి కారణాలు. కారం తమ్మన్నదొర లాంటి నాయకులు పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు. అణచడానికి మద్రాసు సర్కారు సైన్యాన్ని పంపాల్సి వచ్చింది.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వాళ్ల వెంట మన్యం వీరులు చింతపల్లి స్టేషన్ మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు చేతికి వచ్చాయని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. తుపాకీకి వంద తూటాలు కూడా లేవు. అంబు తిరిగి ఏరుకోవచ్చు, లేదా ఊరి కమ్మరి కొత్త ములికి కొట్టి ఇస్తాడు. తూటా పేలితే పోయింది. దాన్ని తయారుచేసే కర్మాగారం సర్కారు చేతిలో ఉంది. అందుకే వాళ్లు తుపాకీ కంటే కొండను ఎక్కువ నమ్ముకున్నారు. సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర ఇరుకు దారిలో కాచి ఉండి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను కొట్టారు. జంతువు ఏ దారిన వస్తుందో ముందే తెలుసుకుని కాచే వేటగాడి తెలివే అది.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం పక్కన నిలబడ్డ గోండు, కోలాం వీరుల చేతుల్లో ఎక్కువగా నాటు ఆయుధాలే ఉన్నాయి. ఎదుట నిజాం పోలీసుల రైఫిళ్లు. మన అడవుల్లో బర్మారు అని పిలిచే నాటు తుపాకీకి కర్మాగారపు తూటా అక్కర్లేదు. గొట్టం నోట్లోంచి మందు, గుండు కూరితే చాలు. అందుకే అది అడవిలో మిగిలింది. కానీ వానకు మందు తడిస్తే పేలదు. ఒక దెబ్బ పేలాక రెండో దెబ్బకు మళ్లీ కూరాలి. అంతలో రైఫిల్ చాలాసార్లు పేలుతుంది. స్వతంత్రం వచ్చాక కూడా ఈ మెట్లు పోలేదు. 1959 ఆయుధాల చట్టంలో రైతు పంట కాపలాకు చెప్పింది నోట్లోంచి మందు కూరే తుపాకీనే.

గాయపడిన జంతువు

తగని ఆయుధం, తప్పిన గురి ఏం చేస్తాయో కుమావూ కొండల చరిత్ర చెబుతుంది. చంపావత్ ఆడపులి 436 మందిని చంపిందని లెక్క. 1907లో జిమ్ కార్బెట్ దాన్ని కొట్టి దగ్గరికి పోయి చూస్తే, కుడివైపు కోరపళ్లు రెండూ విరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కొట్టిన తుపాకీ దెబ్బ అది. దానివల్ల మామూలు వేట చేసుకోలేక పులి మనుషుల మీద పడిందని ఆయన రాశాడు. ఒకరు గాయం చేసి వదిలేశారు. గడ్డికి, కట్టెలకు పోయిన ఆడవాళ్లు దానికి ప్రాణాలతో బాకీ తీర్చారు.

ఆ పులిని కొట్టినందుకు కార్బెట్‌కు బహుమానంగా ఇచ్చింది ఒక .275 రిగ్బీ. ఏడు మిల్లీమీటర్ల సన్నటి రైఫిల్. 1926లో రుద్రప్రయాగ చిరుతను ఆయన దానితోనే కొట్టాడు. లావు తుపాకీ ఉంటే చాలు అనుకునేవాళ్లకు ఇది జవాబు. జంతువు సైజు ఎంత ముఖ్యమో, కొట్టేవాడి నిదానం అంతే ముఖ్యం. అంబు తగిలిన జంతువును వదిలి రాకూడదన్న మా పెదనాన్న మాట, గాయపడిన పులిని వదలకూడదన్న మంచి వేటగాళ్ల నియమం, రెండూ ఒకటే.

అలాంటి వేటగాళ్లు కొద్దిమంది. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 వరకు, యాభై ఏళ్లలో, ఈ దేశంలో 80 వేలకు పైగా పులులను చంపారు. సర్కారు బహుమతులు ఇచ్చింది, రాజులు పోటీలు పడ్డారు, దొరలు ఫోటోలు దిగారు. స్వతంత్రం వచ్చాక కూడా పులివేట ఆగలేదు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. మా బడి పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. పులి మెట్టు దాకా నిచ్చెన వేసింది మన తాతలు కాదు. వాళ్ల కట్టలో ఆ అంబే లేదు.

అయితే 1972 చట్టం పెద్ద తుపాకీని, మొద్దు అంబును ఒకేసారి ఆపింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి మీద, చిన్న అటవీ ఫలసాయం మీద, సంప్రదాయ హక్కుల మీద హక్కు ఇస్తూ, వేటాడే హక్కును, ఉచ్చు పెట్టే హక్కును మాత్రం తీసి పక్కన పెట్టింది. ఈ సంగతి యువకులు స్పష్టంగా తెలుసుకోవాలి. పండగ పేరు చెప్పినా వేట చట్టం ముందు నేరమే. మేము వేటకు పొమ్మని రాయడం లేదు. అడవిలో జంతువులు తగ్గిన మాట నిజం. మన తాతలు బతికి ఉంటే వాళ్లు కూడా ఈ అడవిని చూసి అంబు దింపేవారని మా నమ్మకం.

ఎంచుకోని ఆయుధం

మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాం. రెండేళ్ల కిందట మా మండలంలో, మా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి పోయి చనిపోయాడు. పందుల కోసం ఎవరో చేను గట్టున కరెంటు తీగ లాగారు. చీకట్లో కాలు దానికి తగిలింది. తీగ పెట్టినవాడు కూడా మనవాడే. ఆ ఇల్లూ ఈ ఇల్లూ రెండూ కూలిపోయాయి.

మొద్దు అంబు పిట్టను ఎంచుకుంటుంది. వెడల్పు ములికి కణుజును ఎంచుకుంటుంది. దొర పెట్టెలో కూడా 6 నంబరు రవ్వకు ఒక పని, .577కు ఒక పని. మనిషి చేసిన ప్రతి వేట ఆయుధం వెనకా ఒక ఎంపిక ఉంది. "ఇది ఈ జంతువుకు, ఆ జంతువుకు కాదు" అనే మాట ఉంది. కరెంటు తీగకు ఆ మాట లేదు. దానికి పందీ ఒకటే, చూడి ఆవూ ఒకటే, పెద్దపులీ ఒకటే, పువ్వు ఏరుకునే కుర్రవాడూ ఒకటే. పిండిలో పెట్టే నాటు బాంబు కూడా అంతే. పంది కోసం పెడితే కుక్క కొరుకుతుంది, మేకపిల్ల కొరుకుతుంది. దవడ పగిలిన జంతువు రోజుల తరబడి అడవిలో చస్తుంది. జాడ తీసేవాడు లేడు.

మన చేతి నుంచి ఆయుధాన్ని చట్టం తీసుకుంది. ఆయుధంతో పాటు తెలివి కూడా పోయింది. ఆ ఖాళీలోకి తీగ వచ్చింది, బాంబు వచ్చింది. వాటిని పట్టుకుని "ఇది మా సంప్రదాయం" అని ఎవరైనా అంటే నమ్మకండి. అది మన తాతల కట్టలో లేదు.

తోటి ఉపాధ్యాయులకు మా మనవి. పులి పాఠం వచ్చినప్పుడు ఊరి పెద్ద ఒకరిని బడికి పిలవండి. అంబు వేయించడానికి కాదు, అంబుల పేర్లు చెప్పించడానికి. ఏ ములికి ఏ జంతువుకు, ఎందుకు, ఆ జంతువు పేరు మన భాషలో ఏమిటి, వాటాలు ఎలా వేసేవారు అనేవి పిల్లలతో నోటు పుస్తకంలో రాయించండి. బోర్ లెక్కను గణితంలో చేయించండి. 1878, 1882, 1972, 2006 అనే నాలుగు సంవత్సరాలు బోర్డు మీద రాసి, ఒక్కో ఏడాది మన ఇంటి ఆయుధానికి ఏమైందో అడగండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేను పందులు తొక్కితే కష్టమే. నష్టపరిహారానికి అర్జీ పెట్టండి, పదిమంది కలిసి రాత్రి కాపలా కాయండి, గ్రామసభలో అడగండి. తీగ మాత్రం లాగకండి.

ఆ పిల్లవాడు ఇప్పుడు హైస్కూలుకు పోతున్నాడు. ఈమధ్య సంతలో కనిపిస్తే ఆనాటి ప్రశ్నకు జవాబు చెప్పాం. "మన తాతలు వేటాడారు. ఏ జంతువును కొట్టాలో, దేన్ని కొట్టకూడదో తెలిసి వేటాడారు" అన్నాం. వాడు కాసేపు ఆలోచించి, "మా ఇంట్లో ఉన్న అంబుల పేర్లు అవ్వను అడిగి రాసుకుంటాను సారూ" అన్నాడు.